అన్నమదేవుడు: ఓరుగల్లు కోట నుండి దంతెవాడ గుడి దాకా

మన సంఘం వార్షిక సంచికకు ఏదైనా రాసి ఇవ్వమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, యుద్ధాల గురించి రాసేవాళ్లు మనలో చాలామంది వున్నారు కదా, నేను ఒక రాజు గురించి రాస్తానన్నాను. ఆ రాజు మనవాడే. పేరు అన్నమదేవుడు. ఓరుగల్లును ఏలిన చివరి కాకతీయ చక్రవర్తి ప్రతాపరుద్రుడికి తమ్ముడని బస్తరులో చెప్పుకుంటారు. తెలుగు నేల మీద ఆయన పేరు విన్నవాళ్లు తక్కువ. గోదావరి దాటి ఇంద్రావతి వైపు వెళితే మాత్రం బడికి పోయే పిల్లవాడు కూడా ఆయన కథ చెబుతాడు.

నేను చదివింది ఇంటర్మీడియట్ వరకే. చరిత్రకారుణ్ణి కాను. సుబేదారుగా పదవీ విరమణ చేశాక కాంకేర్‌లోని జంగిల్ వార్‌ఫేర్ కాలేజీలో కొంతకాలం ఇన్‌స్ట్రక్టరుగా వున్నాను. సెలవు దొరికినప్పుడల్లా కేశకాల్ ఘాట్ ఎక్కి జగదల్‌పూర్, అక్కడి నుండి బార్సూర్, దంతెవాడ తిరిగాను. అలా తిరిగినప్పుడు విన్నవి, తర్వాత కూర్చుని చదివినవి ఇక్కడ రాస్తున్నాను.

దంతెవాడలో దంతేశ్వరి అమ్మవారి గుడిలోకి మగవాళ్లను ప్యాంటుతో పోనివ్వరు. పంచె కట్టుకుని వెళ్లాలి. ఇరవై ఎనిమిదేళ్లు బెల్టు బిగించి బతికినవాణ్ణి, నాకు పంచె ఎక్కడ జారిపోతుందోనని ఒకటే బెంగ. గుడి శంఖిని, డంకిని అనే రెండు నదులు కలిసే చోట వుంది. ముందు ఒక గరుడ స్తంభం. దాన్ని వీపు ఆనించి వెనక్కి చేతులు చుట్టి కావలించుకోగలిగితే కోరిక నెరవేరుతుందంటారు. నా చేతులు అందలేదు. నేను తెలుగువాణ్ణని తెలిసి అక్కడ ఒక పెద్దాయన దగ్గరకు పిలిచి, మీ వూరి నుండి వచ్చిన అమ్మేనని చెప్పి కథ మొదలుపెట్టాడు.

ఓరుగల్లు శత్రువుల చేతిలో పడింది. అన్నమదేవుడు కొద్దిమందితో అడవి దారి పట్టాడు. అమ్మవారు ప్రత్యక్షమై, నువ్వు ముందు నడువు, నేను నీ వెనకే వస్తాను, నువ్వు నడిచినంత మేర నీ రాజ్యం అవుతుంది, కాని వెనక్కి మాత్రం తిరిగి చూడవద్దని ఆజ్ఞ ఇచ్చింది. ఆయన నడిచాడు. వెనక అందెల చప్పుడు వినిపిస్తూనే వుంది. శంఖిని డంకిని సంగమం దగ్గర ఇసుకలో అమ్మవారి పాదాలు దిగబడి అందెల చప్పుడు ఆగింది. రాలేదేమోనని ఆయన తిరిగి చూశాడు. అంతే, అమ్మ అక్కడే నిలిచిపోయింది. రాజ్యం హద్దు కూడా అలా తేలింది. ఈ కథనే కొందరు ఉత్తరాన పైరీ నది ఒడ్డుకు తీసుకుపోయి చెబుతారు. ఇంకొందరు అమ్మవారు ఇచ్చిన వస్త్రం పరుచుకున్నంత మేర రాజ్యం అయిందని, వస్త్రం నుండే బస్తరు అనే పేరు వచ్చిందని అంటారు. వెదురు పొదల నీడన రాజు విశ్రమించాడు కనుక ఆ పేరు వచ్చిందనేవాళ్లూ వున్నారు.

కథ బాగుంది. చేతులు జోడించి విన్నాను. కాని బస్సులో తిరిగి వస్తున్నప్పుడు నా బుర్రలో ఒకటే ప్రశ్న. కోట పడిపోయినప్పుడు తమ్ముడు ఎక్కడ వున్నాడు? అన్న పట్టుబడితే తమ్ముడు ఎలా బయటపడ్డాడు? మన పల్టన్‌లో అయితే ఇది మొట్టమొదట అడిగే ప్రశ్న.

ఆ కోట సంగతి కొంచెం చెప్పాలి. కాకతీయులకు ఆ పేరు కాకతి అనే దేవత నుండి వచ్చింది. రుద్రమదేవికి కొడుకులు లేరు. కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుణ్ణి వారసుడిగా చేసుకుంది. ఆయన 1289లో రాజ్యానికి వచ్చాడు. ఢిల్లీ సైన్యం 1303లో వచ్చి ఓడి వెనక్కి పోయింది. 1310లో మాలిక్ కాఫూర్ ముట్టడి తర్వాత ప్రతాపరుద్రుడు కప్పం కట్టి సంధి చేసుకున్నాడు. 1318లో మళ్లీ వచ్చారు. చివరకు తర్వాతి కాలంలో మహమ్మద్ బిన్ తుగ్లక్ అయిన ఉలుగ్ ఖాన్ వచ్చాడు. మొదటి ముట్టడిలో అతని సొంత శిబిరంలోనే సుల్తాను చనిపోయాడన్న పుకారు పుట్టి సైన్యం చెదిరిపోయింది. శత్రువు పోయాడని కోటలో పండుగ చేసుకుని ధాన్యపు కొట్లు తెరిచారని చెబుతారు. నిజమైతే అంతకంటే పొరపాటు లేదు. ముట్టడి ఎత్తేసిన శత్రువు తిరిగి వస్తాడనే లెక్కలోనే రేషన్ దాచాలి. కొద్ది నెలల్లోనే ఉలుగ్ ఖాన్ తిరిగి వచ్చాడు. 1323లో కోట పడింది. ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీకి బయలుదేరదీశారు. ఆయన ఢిల్లీ చేరలేదు.

తమ్ముడు ఏమయ్యాడన్న ప్రశ్న నన్ను ఎందుకు అంత పట్టుకుందో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. చాలా ఏళ్ల కిందట మా కంపెనీ ఒక ఆపరేషనుకు ముందుకు వెళ్లింది. అప్పుడు నేను హవల్దారుని. స్టోర్లు, సామాన్లు చూసుకోవడానికి కొద్దిమందిని రియర్ పార్టీగా వెనక వుంచారు. అందులో నా పేరు పడింది. ఆర్డరు ఆర్డరే. వెళ్లినవాళ్లలో నలుగురు తిరిగి రాలేదు. వాళ్ల ట్రంకు పెట్టెలు సర్ది, లిస్టు రాసి, ఇంటికి పంపించింది నేనే. ఆ తర్వాత ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అయినా ఎప్పుడైనా బడాఖానాలో ఆ రోజు మాట వస్తే నేను లేచి బయటకు వెళ్లేవాణ్ణి.

ఆ రోజు ముందుకు వెళ్లి బతికి వచ్చినవాళ్లలో ఒకాయన కృష్ణా జిల్లావాడు, క్రైస్తవుడు. నాకంటే రెండేళ్లు పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి. ఆయన దగ్గర ఒక తెలుగు బైబిలు వుండేది. ఒకసారి దాన్ని నా చేతిలో పెట్టి, సమూయేలు గ్రంథాలు రెండూ చదవమన్నాడు, అవి సిపాయిల పుస్తకాలని చెప్పాడు. చదివాను. అవి యూదుల మొట్టమొదటి రాజుల కథలు. క్రీస్తుకు వెయ్యేళ్ల ముందటి సంగతులు. బస్తరు బస్సులో కూర్చుని అన్నమదేవుడి గురించి ఆలోచిస్తుంటే అవే గుర్తుకొచ్చాయి. అందుకని ఇక్కడ కొంచెం ఆ దారిలో పోతాను, పాఠకులు ఓపిక పట్టాలి.

వాళ్లకు ముందు రాజు లేడు. సమూయేలు అనే ప్రవక్త న్యాయం చెప్పేవాడు. చుట్టుపక్కల జనాలకు వున్నట్టు మాకూ ఒక రాజు కావాలని పెద్దలు పట్టుబట్టారు. రాజు వస్తే మీ కొడుకుల్ని సైన్యంలోకి లాక్కుంటాడు, మీ పంటల్లో పదోవంతు తీసుకుంటాడు, తర్వాత ఏడ్చినా లాభం లేదని సమూయేలు హెచ్చరించాడు. వాళ్లు వినలేదు. తప్పిపోయిన తండ్రి గాడిదలను వెతుక్కుంటూ వచ్చిన సౌలు అనే పొడగరి కుర్రవాడు రాజయ్యాడు. ఎన్నిక చేసే రోజున అతను కనిపించలేదట. వెతికితే సామాన్ల మధ్య దాక్కుని వున్నాడు. మొదటి రాజు సామాన్లలో దొరికాడని రాసుకున్న జనాన్ని మెచ్చుకోవాలి. ఏ రాజవంశం తన కథను అలా మొదలుపెడుతుంది? ఆ తర్వాత యాబేష్గిలాదు అనే వూరిని శత్రువులు చుట్టుముడితే సౌలు రాత్రికి రాత్రి సైన్యం కూడగట్టి వాళ్లను విడిపించాడు. ఆ వూరివాళ్లు ఈ మేలు మర్చిపోలేదు. ఆ సంగతి కథ చివరలో తెలుస్తుంది.

సౌలు దగ్గరకు దావీదు వస్తాడు. పుస్తకంలో అతను రెండు రకాలుగా వస్తాడు. ఒక అధ్యాయంలో సౌలు మనసు బాగోలేనప్పుడు సితార వాయించడానికి పిలిపిస్తారు. తర్వాతి అధ్యాయంలో గొల్యాతును కొట్టాక, ఈ కుర్రవాడు ఎవరి కొడుకని సౌలే కొత్తగా అడుగుతాడు. రెండు చోట్ల రెండు కథలు నడుస్తూ వుంటే పుస్తకం కూర్చినవాళ్లు ఏదీ పారేయకుండా రెండూ వుంచేశారన్నమాట. బస్తరులో అమ్మవారు ఒకరి కథలో దంతెవాడ దగ్గర, ఇంకొకరి కథలో పైరీ దగ్గర ఆగినట్టే ఇదీ. ఏది నిజమని తగువు పడే బదులు రెండూ వినడం మేలు.

దావీదు పేరు పెరిగేకొద్దీ సౌలుకు అసూయ. ఈటె విసిరాడు, అడవులు పట్టించాడు. తరిమినవాణ్ణి గుహలో ఒకసారి, శిబిరంలో ఒకసారి చంపే అవకాశం వచ్చినా దావీదు చంపలేదు. చివరకు ప్రాణం కాపాడుకోవడానికి శత్రువులైన ఫిలిష్తీయుల రాజు ఆకీషు దగ్గరే కొలువు చేరాడు. సిక్లగు అనే వూరు అతనికి ఇచ్చారు. అప్పుడు గిల్బోవ కొండ మీద పెద్ద యుద్ధం జరిగింది. సౌలు, అతని ముగ్గురు కొడుకులు పోయారు. వాళ్లలో దావీదు ప్రాణ స్నేహితుడు యోనాతాను కూడా వున్నాడు. సౌలు శత్రువు చేతికి చిక్కకుండా తన కత్తి మీదే పడ్డాడు. శవాన్ని బేత్షాను గోడకు వేలాడదీశారు. అప్పుడు యాబేష్గిలాదువాళ్లు రాత్రంతా నడిచి వెళ్లి, గోడ మీద నుండి శవాలను దింపి తీసుకొచ్చి, ఎముకలను చెట్టు కింద పాతిపెట్టి, ఏడు రోజులు ఉపవాసం వున్నారు. తమ వాళ్ల శవాలను శత్రువు చేతిలో వదిలిపెట్టకూడదని వెళ్లినవాళ్ల గురించి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ ఒక్క పేజీ కోసమైనా ఆ పుస్తకం సిపాయిల పుస్తకమే.

ఇప్పుడు అసలు ప్రశ్న. గిల్బోవ యుద్ధం రోజున దావీదు ఎక్కడ? అతను శత్రు రాజు కొలువులో వున్నాడు. తర్వాత రాజైంది అతనే. సౌలు కిరీటం, చేతి కడియం చేరింది అతని దగ్గరకే. ఎవరైనా వేలెత్తి చూపించే సంగతి ఇది. అందుకే కథ చెప్పినవాళ్లు ఎంత జాగ్రత్త పడ్డారో గమనించాలి. ఫిలిష్తీయుల సర్దారులు దావీదును నమ్మక వెనక్కి పంపేశారు. అతను సిక్లగు చేరేసరికి అమాలేకీయులు వూరు తగలబెట్టి ఆడవాళ్లను, పిల్లలను తీసుకుపోయారు. గిల్బోవలో సౌలు చస్తున్న రోజుల్లో దావీదు దూరంగా దక్షిణాన వాళ్లను తరుముతున్నాడు. కిరీటం తెచ్చిన అమాలేకీయుడు, సౌలును నేనే చంపానని చెప్పుకుని బహుమానం ఆశిస్తే దావీదు బట్టలు చింపుకుని ఏడ్చి, వాడికి మరణ శిక్ష వేశాడు. సౌలు మీద, యోనాతాను మీద శోకగీతం కట్టి జనానికి నేర్పించాడు. తేదీ, స్థలం, సాక్షి, అన్నీ వున్నాయి. కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీలో ఇచ్చే స్టేట్‌మెంటు లాగా వుంటుంది చదువుతుంటే. ఈ అధ్యాయాలు దావీదు మీద పడే నిందను తుడవడానికే అల్లారని పండితుల్లో కొందరు అంటారు. నాకూ అలాగే అనిపించింది. అయితే నింద తుడవడానికి రాసినంత మాత్రాన కన్నీళ్లు అబద్ధమని నేను అనను.

అన్నమదేవుడి కథలో ఈ పని అంతా అమ్మవారు చేసింది. అన్నను వదిలి ఎందుకు వచ్చావని అడిగే అవకాశం కథ ఎవరికీ ఇవ్వదు. అమ్మే నడవమంది. పైగా వెనక్కి చూడవద్దంది. వెనక ఏముంది? కాలుతున్న ఓరుగల్లు వుంది, సంకెళ్లలో అన్న వున్నాడు. చూడవద్దన్న ఆజ్ఞ రాజ్యం కోసం పెట్టిన షరతుగా అందరూ చెబుతారు. నాకు మాత్రం ఆ ఆజ్ఞ ఇచ్చినప్పుడు అమ్మవారికి ఆయన మీద జాలి కూడా వుండి వుంటుందనిపించింది. ఇది నా సొంత అభిప్రాయం.

ఇంకో పోలిక చూడండి. సౌలు చావు గురించి రెండు మాటలు వున్నాయి, ఒకటి తన కత్తి మీదే పడ్డాడని, ఇంకోటి అమాలేకీయుడు చంపానని చెప్పుకున్నది. మన ప్రతాపరుద్రుడి విషయంలోనూ అంతే. 1330 ప్రాంతంలో ముసునూరి ప్రోలయ నాయకుడు వేయించిన విలస తామ్రశాసనం, బందీగా తీసుకుపోతుండగా నర్మదా తీరంలో ప్రాణం విడిచాడంటుంది. 1423 నాటి అనితల్లి కలువచేరు శాసనం, ఆయన తన ఇష్టంతోనే దేవలోకానికి పోయాడంటుంది. అంటే ఢిల్లీ దర్బారులో తల వంచి నిలబడే ముందే ప్రాణం తీసుకున్నాడని అర్థం చేసుకోవచ్చు. వందేళ్ల తర్వాత కూడా ఆ చావును గౌరవంగా రాసుకోవాలనుకున్నవాళ్లు తెలుగు దేశంలో వున్నారు.

అన్నమదేవుడి గురించి అంత తొందరగా ఎవరూ రాసిపెట్టలేదు. దంతెవాడ గుడిలో దిక్పాలదేవుడు అనే రాజు వేయించిన శాసనం వుంది. అది 1703 నాటిది, అంటే ఓరుగల్లు పడిన 380 ఏళ్లకు. రాజగురువు భగవాన్ మిశ్ర సంస్కృతంలో ఒకటి, జనం భాషలో ఒకటి రాశాడు. కలియుగంలో సంస్కృతం చదివేవాళ్లు తక్కువ కనుక భాషలో కూడా రాస్తున్నానని కారణం కూడా చెప్పాడు. ఆ పండితుడి మీద నాకు అప్పుడే గౌరవం కలిగింది. కాకతీయ ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమరాజు ఓరుగల్లు విడిచి బస్తరులో రాజ్యం చేశాడని అందులో వుంది. ఆ తర్వాత వరుసగా హమీరదేవుడు, భైరవదేవుడు, పురుషోత్తమదేవుడు అంటూ వంశం నడుస్తుంది. దిక్పాలదేవుడు అమ్మవారికి ఇచ్చిన బలులతో శంఖిని నీళ్లు అయిదు రోజులు ఎర్రగా పారాయని కూడా వుంది.

ఇంత ఆలస్యంగా రాసినదాన్ని నమ్మవచ్చా అని చరిత్రకారుల్లో సందేహించేవాళ్లు వున్నారు. దావీదు విషయంలోనూ చాలాకాలం ఇదే గొడవ. అసలు దావీదు వున్నాడా అని అడిగేవాళ్లు. 1993లో ఇజ్రాయెల్ ఉత్తరాన తెల్ దాన్ అనే చోట తవ్వకాల్లో ఒక రాతిముక్క దొరికింది. దావీదు తర్వాత వందేళ్లకు పైగా గడిచాక ఒక శత్రురాజు తన గెలుపు గురించి చెక్కించుకున్న రాయి. అందులో దావీదు వంశం అనే మాట వుంది. ఆ రాయి వంశం వుందని చెబుతుంది తప్ప గాడిదలు, సితార, గుహ నిజమని చెప్పదు. దంతెవాడ రాయి కూడా అంతవరకే. 1703లో ఆ రాజులు తమను కాకతీయులుగా చెప్పుకున్నారన్నది ఖాయం.

వంశం గురించి ఒక తేడా మాత్రం నాకు బాగా కనిపించింది. ఓరుగల్లు కాకతీయులు తమ శాసనాల్లో ఎక్కువగా దుర్జయ వంశం వాళ్లమని చెప్పుకున్నారు. బస్తరు రాయి వచ్చేసరికి పాండవుల వంశం అయిపోయారు. అడవి మధ్య, చుట్టూ వేరే రాజుల మధ్య నిలబడాలంటే అర్జునుడి పేరు పనికొచ్చి వుంటుంది. హీబ్రూ పుస్తకాలు దీనికి తిరగబడి, దావీదు ముత్తవ్వ రూతు మోయాబు దేశం నుండి వచ్చిన పరాయి పిల్ల, పొలంలో పరిగె ఏరుకుని బతికిన విధవరాలు అని దాచకుండా రాసుకున్నాయి.

అన్నమదేవుడు వచ్చేసరికి బస్తరు ఖాళీగా లేదు. దాన్ని చక్రకోటం అనేవారు, ఛిందక నాగవంశీయులు రెండు మూడు వందల ఏళ్లుగా ఏలుతున్నారు. తెలుగువాళ్లు కూడా అక్కడికి కొత్త కాదు. 1060 ప్రాంతంలోనే నాగరాజు ధారావర్షుడి కింద సామంతుడైన తెలుగు చోడుడు చంద్రాదిత్యుడు బార్సూర్‌లో శివాలయం, చెరువు కట్టించాడు. ఇప్పటికీ బార్సూర్‌లో బత్తీసా గుడి, మామా భాంజా గుడి, పక్కపక్కనే కూర్చున్న ఇద్దరు పెద్ద వినాయకులు చూడవచ్చు. నాగవంశంలో చివరగా పేరు దొరికే రాజు హరిశ్చంద్రదేవుడు. టేమరా అనే వూళ్లో 1324 నాటి సతి రాయి ఒకటి ఆయన పేరుతో వుంది. సరిగ్గా అదే ఏడు అన్నమదేవుడు భోపాలపట్నం వైపు నుండి వచ్చి ఒక్కొక్క గడీ గెలుచుకుంటూ బార్సూర్ చేరాడని స్థానిక వంశావళి లెక్క. ఆయన 1369 దాకా ఏలాడని అదే లెక్క చెబుతుంది. భర్త పోయి చితి ఎక్కిన ఆ ఇల్లాలి రాయి తప్ప ఓడినవాళ్ల వైపు నుండి ఆ ఏటి మాట ఏదీ మన చెవిన పడదు. సమూయేలు గ్రంథాలు కూడా దావీదు వైపువాళ్లు చెప్పినవే. అయినా వాటిలో సౌలుకు చోటు దొరికింది, హరిశ్చంద్రుడికి బస్తరు కథలో దొరకలేదు.

గెలిచాక ఏం చేశాడన్నది కూడా పోల్చి చూడదగినదే. దావీదు యెరూషలేమును గెలిచి దేవుని మందసాన్ని అక్కడికి తెప్పించుకోవాలనుకున్నాడు. దారిలో ఎద్దులు తొట్రుపడితే ఉజ్జా అనేవాడు మందసం పడకుండా చెయ్యి వేశాడు, అక్కడికక్కడే చచ్చాడు. దావీదు భయపడి మందసాన్ని ఓబేదెదోము ఇంట్లో దించేశాడు. మూడు నెలలు అక్కడే వుంది. తర్వాతే నాట్యం చేస్తూ తీసుకుపోగలిగాడు. అంటే రాజు పిలిచినంత మాత్రాన దైవం కదలదు, తనకు నచ్చిన చోట ఆగుతుంది. దంతేశ్వరి కూడా రాజు కోరుకున్న చోట ఆగలేదు, తన కాళ్లు దిగబడిన చోట ఆగింది. తర్వాతి రాజులు రాజధానులు మార్చారు. 18వ శతాబ్దంలో దల్పత్ దేవుడు జగదల్‌పూర్ కట్టుకున్నాడు. అమ్మ దంతెవాడలోనే వుండిపోయింది. దసరాకు మాత్రం పల్లకిలో జగదల్‌పూర్ వస్తుంది, రాజు ఎదురెళ్లి స్వాగతం చెప్పాలి.

ఆ దసరా గురించి రాయకపోతే అన్నమదేవుడి కథ సగమే అవుతుంది. ఆయన తర్వాత నాలుగో తరంలో పురుషోత్తమదేవుడు పూరీ జగన్నాథుడి దగ్గరకు వెళ్లి వచ్చి రథం పండుగ పెట్టాడంటారు. శ్రావణ అమావాస్య నుండి 75 రోజులు సాగుతుంది. రావణుడి బొమ్మ తగలబెట్టరు. పండుగ జరుపుకోవడానికి రాజు ముందు కాచన్ దేవి అనుమతి అడగాలి. ఆ దేవి పూనేది మిర్గాన్ కులానికి చెందిన చిన్నపిల్లకు. ముళ్ల ఉయ్యాల మీద ఆ పిల్లను పడుకోబెడతారు, ఆమె సరేనంటేనే పండుగ. తర్వాత హల్బా కులపు యువకుడు ఒకడు తొమ్మిది రోజులు గోతిలో కదలకుండా కూర్చుని పండుగ నిర్విఘ్నంగా జరగాలని తపస్సు చేస్తాడు. దశమి రాత్రి ఆదివాసులు రథాన్ని ఎత్తుకుపోయి కుమ్హడాకోట్ అడవిలో పెడతారు. మర్నాడు రాజు వాళ్ల దగ్గరకు వెళ్లి, వాళ్లతో కూర్చుని కొత్త బియ్యం అన్నం తిని, బతిమాలి రథం తెచ్చుకోవాలి. ఇదంతా చూసినప్పుడు నాకు సమూయేలు హెచ్చరిక గుర్తుకొచ్చింది. అక్కడ మాటలతో చెప్పారు, ఇక్కడ ఏటా ఆడి చూపిస్తున్నారు. పైనుండి వచ్చిన రాజుకు, నీ రాజ్యం మా చేతుల్లో వుందని వూరి జనం చెప్పే పద్ధతి అది.

ఒక లోటు మాత్రం నాకు తీరలేదు. దావీదు కథలో అతని తప్పులు కూడా వున్నాయి. రాజులు యుద్ధానికి వెళ్లే కాలంలో అతను ఇంటి దగ్గర వుండిపోయాడని పుస్తకమే ఎత్తిపొడుస్తుంది. అప్పుడే ఊరియా అనే సిపాయి భార్యను కోరుకున్నాడు. ఊరియాను యుద్ధం నుండి పిలిపించి ఇంటికి వెళ్లి పడుకోమంటే, తోటివాళ్లు మైదానంలో వుండగా నేను ఇంటికి పోనని అతను రాజు వాకిట్లోనే పడుకున్నాడు. తన చావు ఉత్తరువు తనే చేతపట్టుకుని ఫ్రంటుకు వెళ్లాడు. నాతాను ప్రవక్త వచ్చి రాజు ముఖం మీదే తప్పు చెప్పాడు. అన్నమదేవుడికి అలాంటి నాతాను లేడు. ఆయన చేసిన తప్పు కథలో ఒక్కటే, వెనక్కి తిరిగి చూడటం. అది తప్పని నేను ఇప్పటికీ అనుకోలేను. అన్న వున్న దిక్కుకు ఒక్కసారైనా తిరిగి చూశాడని విన్నప్పుడే ఆయన నాకు మనిషిగా కనిపించాడు.

ఆయన వంశం చాలాకాలం నిలిచింది. 1921లో రుద్రప్రతాప్ దేవ్ కొడుకులు లేకుండా పోతే కూతురు ప్రఫుల్ల కుమారీ దేవి రాణి అయింది. రుద్రమదేవి ఇంటి సంగతే ఆరు వందల ఏళ్ల తర్వాత మళ్లీ జరిగిందన్నమాట. ఆమె 1936లో లండన్‌లో పోయింది. ఏడేళ్ల కొడుకు ప్రవీర్ చంద్ర భంజ్ దేవ్ గద్దె ఎక్కాడు. 1948లో సంస్థానం ఇండియాలో కలిసింది. ఆదివాసులు దేవుడిలా చూసుకున్న ఆ ప్రవీర్ చంద్ర 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజభవనంలో పోలీసు కాల్పుల్లో పోయాడు. ఆయనతో పాటు ఆదివాసులు కూడా చనిపోయారు. ఆయన గురించి ఎవరైనా విడిగా రాయాలి, ఇక్కడ చోటు చాలదు.

2022 జూలైలో తెలంగాణ ప్రభుత్వం కాకతీయ వైభవ సప్తాహం జరిపినప్పుడు ఆ ఇంటి వారసుడు కమల్ చంద్ర భంజ్ దేవ్ ఓరుగల్లు వచ్చాడు. భద్రకాళి గుడికి వెళ్లాడు, కోట చూశాడు. నేను టీవీలో చూశాను. చూస్తూనే నాకు బైబిలు ఇచ్చిన అన్నకు ఫోన్ చేశాను. బస్తరు కథ అంతా చెప్పాను, నా ప్రశ్న కూడా చెప్పాను. ఆయన కాసేపు వూరుకుని, సమూయేలు మొదటి గ్రంథం ముప్పయ్యో అధ్యాయం మళ్లీ తీయమన్నాడు.

తీశాను. గిల్బోవ యుద్ధం రోజుల్లోనే జరిగిన సంగతి అది. అమాలేకీయులను తరుముతూ దావీదు ఆరు వందల మందితో బెసోరు వాగు దగ్గరకు వచ్చాడు. రెండు వందల మంది అలసిపోయి వాగు దాటలేకపోయారు. సామాన్ల దగ్గర వాళ్లను వుంచి నాలుగు వందల మందితో వెళ్లి గెలిచి వచ్చాడు. వెళ్లినవాళ్లలో కొందరు, వెనక వున్నవాళ్లకు దోపుడు సొమ్ములో వాటా ఇవ్వకూడదన్నారు. దావీదు ఒప్పుకోలేదు. యుద్ధానికి వెళ్లినవాడికి ఎంతో సామాన్ల దగ్గర వున్నవాడికీ అంతే అని తీర్పు చెప్పి, అప్పటి నుండి అదే చట్టం చేశాడు. మొదటిసారి చదివినప్పుడు ఆ పేజీలో పెన్సిల్ గీత వుంది. చదివేవాళ్లు గీసుకునే గీత అనుకుని దాటిపోయాను. అది నా కోసం గీసినదని ఇన్నేళ్లకు తెలిసింది.

ఆ బైబిలు ఇంకా నా దగ్గరే వుంది. ఈ ఏడాది సంఘం సమావేశానికి ఆయన వస్తానన్నారు. అప్పుడు తిరిగి ఇచ్చేస్తాను.